బాలింత చెట్టు

జనవరి ఆరో తేదీ ఉదయం ఎనిమిదిన్నరకి వకుళ చెట్టుకి గొంగళి కప్పించింది. గంట తరువాత పైన వదిలిన సందు కూడా మూయించింది. మూస్తే ఏమవుతుందో ఆమెకి తెలుసు. పక్కన నిలబడ్డ ఇస్మాయిల్‌కీ తెలుసు. గొంగళి ఇచ్చిన పైడమ్మకి నవంబరులోనే తెలిసింది.

ఆ చెట్టు లంబసింగి దాటాక కొండవాలులో ఉన్న ఒక పరిశోధన తోటలో ఉంది. పేరీతల్లో ఒక రకం. చూడ్డానికి పొట్టి ఈతచెట్టులా ఉంటుంది గాని ఈతతో దానికి చుట్టరికం లేదు. సైకాస్ కుటుంబం, రాక్షసబల్లుల కాలం నాటి వంశం. వీటిలో ఆడచెట్టు వేరు, మగచెట్టు వేరు. ఈ రకంలో మగవి సీమ కొండల్లో అక్కడక్కడా మిగిలాయి. ఆడది, వెతికినంత మేరకు, ఇదొక్కటే.

పుట్టిన కొండ మీద దానికి మిగిలింది ఎండ, ఏటేటా అంటుకునే కార్చిచ్చు. వకుళ ఉద్యోగంలో చేరిన కొత్తలో దాన్ని వేళ్ళతో సహా తవ్వించి, లారీలో వరిగడ్డి పరిచి పడుకోబెట్టి, ఘాట్ రోడ్డు మీదుగా ఇక్కడికి తెచ్చింది. ఇక్కడ కార్చిచ్చు లేదు. చలి ఉంది. మొదటి చలికాలమే ఆకులన్నీ నల్లబడి రాలిపోయాయి. ఆ తరువాత ఏటా అదే వరస. వేసవిలో నాలుగాకులు వేసేది, చలికాలంలో పోగొట్టుకునేది. బతికింది గాని పెరగలేదు.

వకుళ కూతురు హైమ ఆ లారీ వచ్చిన రెండేళ్ళకి పుట్టింది. మాటలొచ్చిన దగ్గర్నుంచీ చెట్టుని అక్క అనేది. ఎందుకని ఎవరైనా అడిగితే, "నాకంటే ముందొచ్చింది కదా" అనేది.

మగ పేరీత కంకి సాయంత్రాలు వేడెక్కుతుంది. ఆ వేడికి వాసన లేచి పురుగులు వస్తాయి, పుప్పొడి మోసుకెళ్తాయి. చదువుకునే రోజుల్లో వకుళ ఒక కంకి మీద చెయ్యి వేసి చటుక్కున తీసేసింది. జ్వరమొచ్చిన పిల్ల నుదురు ముట్టుకున్నట్టుంది. కంకికి చేతనైన పని కాండానికి ఎందుకు చేతకాదన్న ప్రశ్న అప్పట్నుంచీ ఆమెని వదల్లేదు.

జవాబు ఇస్మాయిల్ తయారుచేశాడు. నాచుల మీద పనిచేస్తాడతను. పేరీత వేళ్ళు కొన్ని నేల మీదికి లేచి పగడాల్లా గుత్తులు కడతాయి. ఆ గుత్తుల్లో ఒక నీలాకుపచ్చ నాచు కాపురముంటుంది. ఇస్మాయిల్ ఆ నాచుని మార్చాడు. నేల చల్లబడితే నాచు కబురు పంపుతుంది. కబురందిన కాండం తనలో దాచుకున్న పిండిని కాలుస్తుంది. తోటలో ఉన్న రకరకాల పేరీతల్లో ఏడు చెట్ల వేళ్ళకి ఎక్కించారు. ఆరింటికి పట్టలేదు. పట్టిన ఒక్కటీ ఈ ఆడచెట్టు.

ఫలితం ముందుగా చూసింది హైమ. రెండు జడలతో, పుస్తకాల సంచితో స్కూలుకి బయలుదేరి, తోట మధ్యలో ఆగి, వెనక్కి వచ్చింది.

"అమ్మా, అక్క చుట్టూ మంచు లేదు."

వకుళ నోట్లో బ్రష్షుతోనే వెళ్ళింది. గడ్డి మీద ఉప్పు చల్లినట్టు మంచు పేరుకుని ఉంది. చెట్టు చుట్టూ బారెడు మేర మాత్రం గడ్డి పచ్చగా, తడిగా ఉంది. కొండ మీంచి దిగుతున్న పొగమంచు బారెడు దూరంలో ఆగి, పక్కకి తిరిగి, చెట్టుని చుట్టుకుని వెళ్తోంది. కాండం మీద రెండు కప్పలూ ఒక తొండా పక్కపక్కన నిద్రపోతున్నాయి. వకుళ అరచెయ్యి ఆనించింది. ఈసారి తియ్యలేదు.

"పిండి ఖర్చవుతుంది మేడమ్," అన్నాడు ఇస్మాయిల్ వెనక నుంచి. "వందల ఏళ్ళకని దాచుకున్నది. ఎన్నాళ్ళొస్తుందో చెప్పలేను."

"తిండి పెడదాం."

"పెడదాం. పెట్టిందంతా ఒంటికి పడుతుందని మాత్రం నేను మాటివ్వను."

చెట్టు ఆ ఏటి నుంచి పెరిగింది. కాండం నడుమెత్తు అయింది. ఆకులు గొడుగులా విచ్చుకుని కింద మనిషి కూచునేంత జాగా ఇచ్చాయి. అక్కడ కాండానికి ఆనుకున్నవాళ్ళకి నిద్ర వచ్చేది. తోటలో కలుపు తీసేవాళ్ళు మధ్యాహ్నం అన్నాలు తిని అక్కడే చేరేవాళ్ళు. వచ్చిన కలల్లో ఎక్కడా చప్పుడు ఉండేది కాదని అందరూ ఒకే మాట చెప్పేవాళ్ళు. ఎందుకో ఇస్మాయిల్ చెప్పలేకపోయాడు. అతనికీ అలాంటి కలలే వచ్చేవి.

కిందటేడు శ్రావణంలో చెట్టు మొదటిసారి పూసింది. మొవ్వు చుట్టూ పడగల్లాంటి రేకులు లేచాయి. సీమ కొండల్లో కోసిన మగకంకి పుప్పొడి ఐసు పెట్టెలో వచ్చింది. రేకులు విచ్చుకుని ఉండే గడువు తక్కువ. వకుళ కుంచె పట్టుకుని ఒక్కో రేకుకీ పుప్పొడి అద్దింది. అదే రోజు నర్సీపట్నంలో, హైమ అత్తవారింట, ఆమె శ్రీమంతం ముహూర్తం. వకుళ వెళ్ళేసరికి పేరంటాళ్ళు తాంబూలాలు పుచ్చుకుని లేస్తున్నారు. ఆమె మోచేతుల దాకా పచ్చని పొడి ఉంది.

"నాకు గాజులు తొడగవే అంటే అక్కకి పసుపు రాసి వచ్చావు," అంది హైమ, అందరూ వింటుండగా, నవ్వుతూనే. వకుళ కూడా నవ్వింది. తిరిగొస్తున్నప్పుడు జీపులో ఆ పొడిని కొంగుతో తుడుచుకుంది.

గింజలు కట్టాయి.

తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. హైమ పుట్టిల్లు తోటలో ఉన్న క్వార్టర్సు. నవంబరులో హైమని తీసుకొచ్చారు. బాలింతరాలికి పనులు చేయడానికి వకుళ మేనత్త పైడమ్మ మాడుగుల నుంచి ట్రంకుపెట్టెతో దిగింది. దిగుతూనే శాలువా చెవులకి చుట్టుకుంది.

"ఈ చలిలో పురుడేటే? నీళ్ళు పోస్తే ఒంటి మీదే గడ్డకడతాయి."

"హీటరుంది అత్తా."

"హీటరు కాన్పులు చేసిందేటి ఎక్కడైనా?"

పైడమ్మకి పురుళ్ళు పోయడంలో కొన్ని ఖాయమైన పద్ధతులున్నాయి. కాన్పైన మనిషికి గాలి తగలకూడదు. చెవుల్లో దూది, తలకి గుడ్డ, నడుముకి కట్టు, మంచం కింద కుంపటి. ఆవిడ చేతి కింద ఏ బాలింతా సన్నిపాతం పాలు కాలేదని చెప్పుకుంటుంది. హైమని చెట్టు కింద కూచోబెట్టి తలకి నూనె రాస్తూ పైకి చూసింది. రేకుల అంచుల్లో గింజలు నారింజ రంగుకి తిరుగుతున్నాయి.

"ఇదీ కన్నాదన్నమాట," అంది.

"అక్కకే ముందు పండింది మామ్మా కడుపు," అంది హైమ నిద్రమత్తులో.

ఆ సాయంత్రం పైడమ్మ తన గొంగళి తీసుకెళ్ళి చెట్టు తల మీంచి కప్పి, పురికొసతో కాండానికి కట్టింది. కాన్పైనదాన్ని చలిలో అలా వదిలేస్తారేటి అనుకుంది. ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన సంగతని ఆవిడకి తోచలేదు.

తెల్లారేసరికి ఆకుల చివర్లు మాడాయి. మొవ్వులోంచి కొత్తగా వస్తున్న ఆకుచుట్టలు వాలిపోయాయి. ఇస్మాయిల్ గొంగళి లాగేసి, మొవ్వులోకి ఉష్ణమాపకం దింపి, వకుళకి చూపించాడు.

"నేల చల్లగా ఉన్నంతసేపు నాచు వేడి చెయ్యమనే చెప్తుంది. పైన ఎంత కాగిపోతోందో దానికి తెలీదు. ఆకుల్లోంచి వేడి పోతేనే ఈ చెట్టు బతుకుతుంది. ఒక్క పగలు ఇలాగే ఉంచితే మొవ్వు ఉడికిపోతుంది మేడమ్. మొవ్వు పోతే చెట్టు లేదు. గింజలు ఇంకా పాలు తాగుతున్నాయి, మార్చి దాకా ముదరవు. అవీ పోతాయి."

వకుళ ఇంట్లోకి వెళ్ళి మేనత్తని నానా మాటలూ అంది. చదువు లేదంది. అడక్కుండా దేని మీదా చెయ్యి వెయ్యొద్దంది. పాతికేళ్ళ పని గొంగళితో చంపబోయావంది. పైడమ్మ విని, గొంగళి మడిచి పెట్టెలో పెట్టుకుంది. ఆ తరువాత ఆవిడ తోటలోకి రాలేదు. హైమ తలకి నూనె వంటింట్లోనే రాసేది.

హైమ డిసెంబరు పదిహేడున నర్సీపట్నం ఆసుపత్రిలో కంది. నెల తక్కువ పిల్ల. రెండు కేజీలు కూడా లేదు. వారం రోజులు వేడి పెట్టెలో ఉంచి, తల్లి గుండెల మీదే పెట్టుకోవాలని, ఒళ్ళు చల్లబడనివ్వొద్దని చెప్పి పంపారు. ఇరవై ఒకటో రోజున బారసాల అనుకున్నారు. అప్పటిదాకా చిట్టి అనే పిలుచుకున్నారు.

జనవరి మొదటివారంలో మబ్బు పట్టి, గాలివాన కొట్టింది. ఘాట్‌లో చెట్లు పడి రోడ్డు మూసుకుపోయింది. కరెంటు స్తంభాలు కూలాయి. వాన వెలిశాక చలి దిగింది. వకుళ ఆ తోటలో అంత చలి చూడలేదు. సీసాల్లో వేడినీళ్ళు పోసి, గుడ్డలు చుట్టి పిల్లకి రెండు వైపులా పెట్టారు. ఆరో తేదీ తెల్లవారుజామున గ్యాసు అయిపోయింది. కట్టెలు తడిసి ఉన్నాయి. కుంపటి పెడితే గదంతా పొగ కమ్మి పిల్లకి ఊపిరాడలేదు. పైడమ్మే తీసి బయట పెట్టింది.

హైమకి ముందురోజు నుంచి చలిజ్వరం. పిల్లని గుండెలకి హత్తుకుంటే తన వణుకే పిల్లకి వెళ్తోంది. వకుళ తీసుకుని తన జాకెట్లో పెట్టుకుంది. పిల్ల ఏడవడం మానేసింది. పాదాలు ముట్టుకుంటే చల్లగా ఉన్నాయి, గోళ్ళు నీలంగా ఉన్నాయి. సిగ్నలు అందిన ఒక్కసారి ఆసుపత్రి నర్సు మాట్లాడింది. రోడ్డు మీద చెట్లు కోస్తున్నారు, అంబులెన్సు మధ్యాహ్నానికి గాని రాదు, ఎలాగైనా వెచ్చగా ఉంచండి, అంది.

వకుళ కిటికీలోంచి చూసింది. తోటంతా తెల్లగా ఉంది. మధ్యలో ఒక్కచోట పొగమంచు పక్కకి తిరిగి వెళ్తోంది.

పైడమ్మ తన గదిలో ట్రంకుపెట్టె మీద కూచుని ఉంది.

"అత్తా, గొంగళి ఇవ్వు."

"పిల్లకేటి? అది గరుకే. ఒళ్ళు గీసుకుపోద్ది."

"పిల్లకి కాదు. చెట్టుకి."

పైడమ్మ లేవలేదు. "కప్పితే చచ్చిపోద్దన్నావు."

"అన్నాను."

"గింజలూ పోతాయన్నావు. నాకు చదువు లేదన్నావు. ఇంకా ఏటేటో అన్నావు."

"అన్నాను అత్తా. లే."

పైడమ్మ లేచి పెట్టె తీసింది.

హైమని చెట్టు కింద చాప మీద కూచోబెట్టారు. ఆమె వీపు కాండానికి ఆనించి, పిల్లని రొమ్ముల మధ్య పెట్టి, పక్కన వకుళ కూచుంది. ఇస్మాయిల్ గొంగళి ఆకుల మీంచి వేశాడు.

"పైన సందు వదులుదాం మేడమ్. పొగగొట్టంలా. మొవ్వు బతుకుతుంది."

"వదలండి."

సందులోంచి తెల్లని ఆకాశం కనపడింది. కాండం వెచ్చగానే ఉంది. కాని వెచ్చదనం పైకి పోతోంది, ఆ దారినే మంచు లోపలికి దిగుతోంది. వకుళ పిల్ల పాదాలు రెండూ గుప్పిట్లో పెట్టుకుని చూసింది. గంట గడిచింది. పాదాలు మారలేదు.

"అమ్మా, పాలు పట్టడం లేదే," అంది హైమ. "నోరు తెరవడం లేదు."

వకుళ పైకి చూసింది. సందు కింద మొవ్వు, దాని చుట్టూ రేకులు, రేకుల అంచున గింజలు. మార్చికి ఇంకా రెండు నెలలుంది.

"ఇస్మాయిల్ గారూ."

"చెప్పండి."

"మూసెయ్యండి."

బయట గొంగళి లాగుతున్న చప్పుడైంది. తరువాత సందు చిన్నదై, చీకటైంది. గొంగళి అంచుల మీద ఒక్కో రాయీ పెడుతున్న చప్పుడు చుట్టూ తిరిగి వచ్చింది.

లోపల వేడి నెమ్మదిగా పెరిగింది. ముందు వీపుకి, తరువాత మెడకి, ఆ తరువాత అరికాళ్ళకి తెలిసింది. కాండం మీద కప్పలు కదిలి కిందికి దిగాయి. హైమ వణుకు ఆగింది. తల తల్లి భుజం మీద వాల్చింది.

"ఎప్పుడూ ఇక్కడొచ్చే కలే వస్తోందమ్మా," అంది. "నీళ్ళ కింద అడవిలో నడుస్తున్నాం. నా చెయ్యి ఎవరో పట్టుకున్నారు. చూడాలని లేదు ఎవరో."

"చూడకు. పడుకో."

వకుళకీ కళ్ళు మూతలు పడ్డాయి. ఎంతసేపో తెలీదు. నీళ్ళ కింద పేరీతలు వరసగా నిలబడి ఉన్నాయి, ఒక్కోదానికీ ఒక్కో దీపమంత వెచ్చదనం ఉంది. లారీ ఒకటి గడ్డి పరుచుకుని చప్పుడు లేకుండా వెళ్తోంది. అప్పుడు వాసన వచ్చింది. చిలగడదుంపలు ఉడుకుతున్నట్టు, తియ్యగా. ఆమె కళ్ళు తెరిచింది. వాసన పైనుంచి వస్తోంది. మొవ్వులో పిండి ఉడుకుతోంది.

"వాసన బాగుందమ్మా," అంది హైమ కళ్ళు తెరవకుండా. "మామ్మ దుంపలు వండుతోందా?"

వకుళ పిల్ల పాదాలు తడిమింది. వెచ్చగా ఉన్నాయి. పిల్ల ముక్కుతో ఎగబీల్చి, ముఖం చిట్లించి, ఏడ్చింది. ఏడుపు ఆగి చప్పరించడం వినపడేదాకా వకుళ అలాగే పట్టుకుని ఉంది. తరువాత కూడా గొంగళి తియ్యమనలేదు.

అంబులెన్సు మూడు గంటలకి వచ్చింది. నర్సు పిల్ల చంకలో ఉష్ణమాపకం పెట్టి చూసి, బాగానే ఉందంది. హైమ పిల్లతో వెళ్ళింది. పైడమ్మ వాళ్ళతో వెళ్తూ అంబులెన్సు మెట్టు మీద ఆగి, చెట్టు వైపు తిరిగి చేతులు జోడించింది.

ఇస్మాయిల్ మిగిలిన రాళ్ళు తీసి గొంగళి తీశాడు. రెండు ఆకులు దానితోనే ఊడి వచ్చాయి. ఆ వారమంతా అతను ప్రయోగశాలలోనే ఉన్నాడు. భోజనానికి పిలిస్తే తిన్నానన్నాడు. వారం తరువాత వకుళ కంచం తీసుకెళ్ళి అతని బల్ల మీద పెట్టి, ఎదురుగా కూచుంది.

"రాళ్ళు నేను పెట్టమనలేదు. మీరే పెట్టారు," అంది.

"గాలికి లేచిపోతుందని పెట్టాను," అన్నాడు. అన్నం కలుపుకున్నాడు.

ఫిబ్రవరిలో మొవ్వు పట్టుకుంటే చేతిలోకి వచ్చేసింది. కాండం చల్లబడింది. కప్పలు మళ్ళీ రాలేదు. పొగమంచు తోట మీంచి తిన్నగా వెళ్ళిపోయేది.

గింజలన్నీ కోసి బకెట్ నీళ్ళలో వేశారు. బోలువి తేలతాయి. అన్నీ తేలాయి. ఇస్మాయిల్ నీళ్ళు పారబోయడానికి వంచుతుంటే అడుగున ఒకటి దొర్లింది. ఏ రేకుదని వకుళ అడిగింది. ప్రతి గింజకీ అతను దారంతో చీటీ కట్టాడు. ఉత్తరం వైపు, కింది వరస. గొంగళికి ఆ పక్కన చిరుగు ఉంది. కుట్టాలి కుట్టాలి అనుకుంటూనే పైడమ్మ కుట్టకుండా వదిలేసిన చిరుగు.

పిల్లకి తపతి అని పేరు పెట్టారు. హైమే పెట్టింది.

గింజ ఆషాఢం వానల్లో మొలిచింది. పిల్లని ఎత్తుకుని వచ్చిన పైడమ్మ ఇసుక తొట్టిలోకి వంగి చూసింది. తోటలో అడుగు పెట్టడం ఆవిడకి అదే మొదలు, జనవరి తరువాత.

"ఆడా, మగా?"

"పూస్తేగాని తెలీదు మామ్మగారూ," అన్నాడు ఇస్మాయిల్. "పదిహేనేళ్ళు పట్టొచ్చు. ఇరవై పట్టొచ్చు."

"అప్పటికి నేనుంటానేటి? ఇదుంటాది," అంది చంకలో పిల్లని సర్దుకుంటూ. "వేడి చేస్తాదా దాని తల్లిలా?"

"చెయ్యదు. ఆ నాచు గింజలోకి రాదు, మట్టిలోంచి రావాలి. ఇసుక కాల్చి పోశాను. ఇందులో ఏమీ లేదు. ఇది మామూలు పేరీత. చలికి ఆగదు, అద్దాల గదిలో పెంచాలి."

అద్దాల గదిలోనే పెంచారు. ఎండ వచ్చిన రోజుల్లో తొట్టిని మెట్ల మీద పెట్టి, సాయంత్రం లోపలికి తెచ్చేవాళ్ళు. డిసెంబరు పదిహేడున తపతి మొదటి పుట్టినరోజు. కింద నుంచి హైమ, అల్లుడు వచ్చారు. పైడమ్మ అరిసెలు వండింది. పిల్ల గోడ పట్టుకుని నాలుగడుగులు వేసింది. అందరూ దాని చుట్టూ చేరారు. తొట్టి సంగతి వకుళ మర్చిపోయింది. ఆమె లోపలికి తెచ్చిందని ఇస్మాయిల్ అనుకున్నాడు.

మర్నాడు ఉదయం అందరికంటే ముందు లేచింది హైమ. పిల్లని చంకనేసుకుని తలుపు తీసి, గడపలోనే నిలబడింది.

"అమ్మా, ఒకసారి రా."

వకుళ వచ్చింది. మెట్ల మీద తొట్టి కనపడింది. ఆమె గుమ్మం పట్టుకుంది. వెనకే పైడమ్మ వచ్చింది.

"గొంగళి తేనా?"

"వద్దు," అంది వకుళ. మెట్లు దిగి తొట్టి పక్కన మోకాళ్ళ మీద కూచుంది. ఇస్మాయిల్ అవతలి నుంచి పరుగున వచ్చి, ఆమె చూస్తున్నది చూసి, ఆగిపోయాడు.

గోడకున్న ఉష్ణమాపకం ఒక డిగ్రీ చూపించింది. గడ్డి మీద, మెట్ల మీద, తొట్టి అంచు మీద మంచు తెల్లగా పేరుకుని ఉంది. మొలక చుట్టూ బెత్తెడు మేర లేదు.